నేనేమీ ముట్టుకోలేదు

సెకన్ల బాబాయి అబద్ధమాడగా ఆయన భార్య ముప్పై ఏళ్ళ కాపురంలో రెండంటే రెండుసార్లు చూసింది. మొదటిది, కొత్తలో ఆవిడ వండిన కూర బాగుందన్నప్పుడు. రెండోది ఈ మంగళవారం పొద్దున, ఫోను స్పీకర్లో పెట్టి మరీ.

"నేనేమీ ముట్టుకోలేదక్కయ్యా. దానంతటదే ఆగిపోయింది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. కంప్యూటరు పెట్టె మూత సరిగ్గా కూర్చోలేదు, దాని మర ఒకటి ఇంకా కౌంటరు మీదే ఉంది. ఆవిడ ఆ మర వంక చూసింది, మొగుడి వంక చూసింది, వాచీ పట్టీలు సర్దుకోవడంలో పడింది.

బాబాయిది గడియారాల రిపేరు దుకాణం. చెప్పుల కొట్టుకీ మేడమెట్లకీ మధ్య ఇరుక్కున్న ఆరడుగుల గది. రోజుకి రెండు సెకన్ల తేడా ఉన్నా సరే "ఇంకా కుదరలేదు, రేపు రా" అని తిప్పి పంపుతాడు కాబట్టి వీధి వీధంతా ఆయనకి ఆ పేరు ఖాయం చేసింది. గోడల మీద రిపేరుకొచ్చిన గడియారాలు నలభై దాకా ఉంటాయి, దేని టైము దానిదే. వాటిని పట్టించుకుంటే మతిపోతుందని ఆయన ఎప్పుడో చూడటం మానేశాడు. తలుపు వెనకాల ఉన్న లోలకం గడియారం ఒక్కటే ఆయనకి ప్రమాణం, టైమెంతని ఎవరడిగినా మెడ అటే తిరుగుతుంది. భార్య కౌంటరు దగ్గర కూచుని పట్టీలు మారుస్తుంది, బ్యాటరీలు వేస్తుంది. దుకాణానికో నియమం ఉంది. లోపలికి ఏ వాచీ వచ్చినా ముందు దాని కడుపులోని బిళ్ల బ్యాటరీ తీసెయ్యాలి, లేకపోతే అది కారి యంత్రాన్ని తినేస్తుంది. ఆ పని ఇద్దరి చేతులకీ ఎంత అలవాటంటే, చేశామన్న సంగతి కూడా వాళ్ళకి గుర్తుండదు.

ఇలాంటి మనిషికి కంప్యూటరుతో ఏం పని అంటారా? చెయ్యి వణకడంతో వచ్చింది పని.

పోయినేడాది నుంచి ఆయన కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. ఇది తగ్గేది కాదనీ, మందులతో కొన్నాళ్ళు నెట్టుకు రావచ్చుననీ డాక్టరు చెప్పేశాడు. భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. మణికట్టుని బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఎలాగో లాక్కొస్తున్నాడు. పని నేర్చుకుంటామని గతంలో వచ్చిన ఇద్దరూ మూణ్ణెల్లు తిరక్కుండానే సెల్‌ఫోన్ల కొట్టుకి చెక్కేశారు. అంచేత తనతోపాటే ఈ విద్య అయిపోతుందని గుండెలో ఒకటే దిగులు. సరిగ్గా అప్పుడే చేతిపనుల శిక్షణ సంస్థ వాళ్ళు ఒక కబురు పంపారు. వేరువేరు ఊళ్ళలో ఉన్న విద్యార్థులకి కంప్యూటరు ద్వారా గడియారాల పని నేర్పించే తరగతి పెడదామనుకుంటున్నారు. శుక్రవారం మూడు గంటలకి ముగ్గురు సభ్యుల ముందు ఒక నమూనా పాఠం చెప్పాలి. తరగతుల జాబితా ఆరోజే మూసేస్తారు. పాఠం కనబడకపోతే గడియారాల పేరు కొట్టేస్తారు, మళ్ళీ వచ్చే ఏడాదే. వచ్చే ఏడాదికి ఈ చెయ్యి ఉంటుందో ఉండదో ఆయనకి తెలియదు.

పాఠం చూపించాలంటే మైక్రోస్కోపు కెమెరా కావాలి. ఆ కెమెరాకి కంప్యూటరు కావాలి. లైబ్రరీలో కొందరు పాత కంప్యూటర్లు బాగుచేసి, లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, అవసరమున్నవాళ్ళకి ఉచితంగా ఇస్తారని తెలిసి ఒకటి తెచ్చుకున్నాడు. కంప్యూటరుతోపాటు ఫోనులో ఒక తోడుని కూడా ఇస్తారు. ఆ తోడు మన కంప్యూటరుని ముట్టుకోరు. అడుగుతారు, చెబుతారు, మన చేత్తోనే చేయిస్తారు. బాబాయికి దొరికిన తోడు ఎక్స్‌ఛేంజీ అక్కయ్య. ముప్పై ఎనిమిదేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూచుని, రిటైరయ్యాక తోచక కంప్యూటర్లు నేర్చుకున్న మనిషి. ఆవిడ మొహం ఆయన చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. డెబ్భై ఏళ్ళ గొంతులా ఉండదు.

"సరే తమ్ముడూ, జరిగింది జరిగినట్టు చెప్పు. నువ్వేం అనుకుంటున్నావో వద్దు, ఏం కనబడిందో అది చెప్పు. ఒక్కసారికి ఒక్కటే చేద్దాం, చేసింది నోటు పుస్తకంలో రాసుకుందాం" అని మొదటిరోజే ఆవిడ షరతు పెట్టింది.

అసలు జరిగిందేమిటంటే ఇది. సోమవారం కంప్యూటరు వచ్చింది, వచ్చినరోజు అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. సెట్టింగుల్లో 'టైము నెట్‌వర్కు నుంచి తీసుకో' అన్నచోట టిక్కు ఉండటం చూసి బాబాయికి ఒళ్ళు మండింది. ఎక్కడి నెట్‌వర్కో వచ్చి తన దుకాణంలో టైము చెప్పడమేమిటి? టిక్కు పీకేసి, లోలకం గడియారం చూసి సెకనుతో సహా తనే పెట్టాడు. సాయంత్రం దుకాణం కట్టేముందు ఉబలాటం ఆగక మూత తీశాడు. లోపల వేలి మందాన దుమ్ము. గడియారాలవాడు దుమ్ము చూసి ఊరుకోగలడా? ఊడొచ్చినవన్నీ ఊడదీసి, బ్రష్షుతో దులిపి, గాలిబుడ్డితో ఊది, మళ్ళీ బిగించాడు. మర్నాడు మీట నొక్కితే తెర నల్లగా ఉంది, పెట్టె మూడుసార్లు కూసి ఊరుకుంది. అప్పుడే ఆ అబద్ధం. కొత్తగా నేర్చుకునే వాళ్ళందరూ ఆడే అబద్ధమే అనుకోండి.

"ఎన్నిసార్లు కూసింది?"

"మూడు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎడం కాస్త ఎక్కువ."

"అబ్బో, చెవంటే నీదే తమ్ముడూ! మెమరీ బద్ద సరిగ్గా కూర్చోలేదన్నమాట. మూత తియ్యాలి మరి, తియ్యగలవా?"

"ప్రయత్నిస్తానక్కయ్యా" అన్నాడు బాబాయి, ఎప్పుడూ మూత తీసి ఎరగనట్టు. భార్య పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బద్దని రెండు చివర్లా నొక్కితే టక్కుమంది, తెర వెలిగింది. బుధవారం మైక్రోస్కోపు కెమెరా తగిలిస్తే కనబడలేదు. అక్కయ్య ఒక నల్లటి కిటికీ తెరిపించి ఎల్, ఎస్, యు, ఎస్, బి అని ఐదక్షరాలు కొట్టించింది. కంప్యూటరుకి తగిలించిన వస్తువుల జాబితా వచ్చింది, అందులో కెమెరా లేదు. వెనకవైపు సాకెట్లో పెట్టిస్తే ఉంది. "ముందువైపు సాకెట్టు తీగ లోపల ఊడిపోయినట్టుంది, ఎలా ఊడిందో మరి" అంది అక్కయ్య. బాబాయి నోటు పుస్తకంలో 'వెనక సాకెట్టు' అని మాత్రం రాసుకున్నాడు.

గురువారం అసలు కథ మొదలైంది. శిక్షణ సంస్థ వాళ్ళు పంపిన పాఠం పేజీతో సహా ఏ పేజీ తెరవబోయినా ఎర్రగా ఏదో హెచ్చరిక. ఎర్రరంగు చూడగానే ఏం పాడుచేశానోనని ఆయన వెంటనే మూసేసేవాడు. అక్కయ్య వైరు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వెనక ఆకుపచ్చ దీపం వెలుగుతోందా? వెలుగుతోంది. మిణుకుతోందా? మిణుకుతోంది. పింగ్ అని కొట్టి ఒక సైటు పేరు రాయమంది. వరస వరసలుగా జవాబులొచ్చాయి, ఒక్కటీ తప్పిపోలేదు. అంటే దారి బాగానే ఉంది, మన కేక అవతలికి వినబడుతోంది, అక్కణ్ణుంచి జవాబూ వస్తోంది. మరి పేజీ మాత్రం రాదు. వైరు మార్చారు, రౌటరు ఆపి వేశారు, ఇంకో బ్రౌజరు ప్రయత్నించారు. మధ్యలో అక్కయ్య ఒకమాట అడిగింది.

"టైము సరిగ్గానే ఉందా తమ్ముడూ?"

ఈ ప్రశ్న ఇంకెవర్నైనా అడిగితే తెర వంక చూసేవారు. మన బాబాయి మెడ మామూలుగా తలుపు వెనక్కి తిరిగింది. "నా దగ్గరా అక్కయ్యా, టైము తప్పేది? పదకొండు గంటల నలభై రెండు నిమిషాల పన్నెండు సెకన్లు" అని గర్వంగా చెప్పాడు. ఆవిడ తన గడియారం చూసుకుని, సరిపోయిందనుకుని, ఆ అనుమానాన్ని పక్కన పడేసింది. దాంతో గురువారం కాస్తా గంగపాలయింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావుకి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. అక్కయ్య గొంతు మొదటిసారి డెబ్భై ఏళ్ళ గొంతులా వినిపించింది.

"నాకు తెలిసినవన్నీ అయిపోయాయి తమ్ముడూ. నాదే లోపం. నీకు సరైన తోడు దొరకలేదు. లైబ్రరీకి ఫోన్ చేసి ఇంకొకర్ని ఇమ్మంటాను, ఇంకా ముప్పావుగంట ఉంది."

బాబాయికి ఆ మాట ఎక్కడో తగిలింది. నాలుగు రోజులుగా పొద్దున్నా సాయంత్రమూ విసుక్కోకుండా, ఒక్క పైసా ఆశించకుండా, అడిగిందే మళ్ళీ అడిగితే మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పిన మనిషి. తన అబద్ధానికి ఆవిడ తప్పు ఒప్పుకుంటోంది.

"మీ లోపమేం లేదక్కయ్యా. నేను ముట్టుకున్నాను. సోమవారం సాయంత్రం మొత్తం విప్పేశాను. దుమ్ముందని..."

అవతల చిన్న నవ్వు.

"అమ్మయ్య! ఇప్పుడు దారిలో పడ్డాం. తిట్టనులే. తీసినవన్నీ తిరిగి పెట్టావా?"

"అన్నీ పెట్టాను. ఒట్టు."

"పెట్టలేదు" అంది భార్య కౌంటరు దగ్గర్నుంచి. "మొన్న పాత బ్యాటరీల డబ్బాలో పెద్ద బిళ్ల ఒకటి కనబడింది. ఇరవై ముప్పై రెండు నంబరు. ఆ సైజు వాచీ ఈ వారం మన దగ్గరికి ఒక్కటీ రాలేదు. ఇది ఎక్కడిదా అని అప్పట్నుంచీ అనుకుంటున్నాను."

బాబాయి నోరు వెళ్ళబెట్టాడు. లోపలికొచ్చిన కంప్యూటరు కడుపులోంచి కూడా తన చెయ్యి బ్యాటరీ తీసేసిందన్నమాట.

"తమ్ముడూ" అంది అక్కయ్య మెల్లగా, "తెర మూలన టైమెంతుందో చూడు. గోడ మీద కాదు. తెర మీద."

చూశాడు. దాని మీద నొక్కితే తారీఖు కూడా వచ్చింది. పదకొండేళ్ళ కిందటి జనవరి ఒకటి.

"ఇప్పుడా ఎర్రపేజీ తెరిచి, మూసెయ్యకుండా చివరిదాకా చదువు."

కంటికి భూతద్దం తగిలించుకుని, అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివాడు బాబాయి. "మీ... గడియారం... వెనకబడి ఉంది."

భార్య ఇక ఆపుకోలేకపోయింది. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. ఫోనులో అక్కయ్యా నవ్వింది. నలభై గడియారాల మధ్య కూచుని, సెకను తేడాకి జనాన్ని తిప్పి పంపే మనిషికి, రెండు రోజులుగా ఒక యంత్రం గడియారం తప్పని మొత్తుకుంటోంది. ఆయనే వినిపించుకోలేదు. కాసేపు మొహం గంటు పెట్టుకుని, తరవాత ఆయనా నవ్వేశాడు.

"ప్రతి సైటు దగ్గరా ఒక గుర్తింపు పత్రం ఉంటుంది తమ్ముడూ, ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా చెల్లుతుందని. నీ కంప్యూటరు ఇంకా పదకొండేళ్ళ వెనకే ఉంది కాబట్టి, ఆ పత్రం ఇంకా పుట్టనేలేదు దాని లెక్కలో. అందుకని దొంగ పత్రమంటోంది. మెయిన్ స్విచ్చి ఆపినప్పుడు టైముని గుర్తుపెట్టుకునేది ఆ బిళ్లే. అది పెట్టి, నెట్‌వర్కు టైముకి టిక్కు పెట్టు."

కంప్యూటరు ఆపి, కొత్త బ్యాటరీ భార్యే వేసింది. అర నిమిషం పట్టలేదు. టిక్కు పెట్టడానికి మాత్రం బాబాయి ఒక్క క్షణం తటపటాయించాడు, పెట్టాడు. తెర మూలన అంకెలు గంతేసి ఈరోజుకి వచ్చాయి. మెడ తిప్పి చూస్తే లోలకం గడియారం నాలుగు సెకన్లు వెనకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పేజీ తెరుచుకుంది. టైము రెండు నలభై ఐదు.

మూడింటికి తెర మీద ముగ్గురూ కనబడ్డారు. మధ్యలో శిక్షణ సంస్థ ప్రిన్సిపాలుగారు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. బాబాయి నమస్కారం పెట్టి పాత వాచీ ఒకటి కెమెరా కింద పెట్టాడు. బ్యాలెన్సు చక్రం అమర్చడం ఆయన ఎంచుకున్న పాఠం. వాచీ టిక్కుటిక్కుమనేది అటూ ఇటూ ఊగే ఆ చిన్న చక్రం వల్లే. దాన్నీ దాని వెంట్రుకలాంటి స్ప్రింగునీ చిన్న పట్టకారుతో పట్టుకుని దించాలి. కొన తప్పితే స్ప్రింగు నలిగిపోతుంది.

చక్రాన్ని ఎత్తాడు. అప్పుడు తెర మీద తన చెయ్యి తనకే కనబడింది.

మైక్రోస్కోపు దేన్నైనా నలభై రెట్లు పెద్దది చేస్తుంది. బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఇన్నాళ్ళూ దాచిన వణుకు తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఊగుతోంది. రెండుసార్లు దించబోయాడు, రెండుసార్లూ కుదరలేదు. ముగ్గురూ ముందుకి వంగి చూస్తున్నారు.

ఆయన ఎడంచెయ్యి బల్ల కింద నెట్‌వర్కు వైరు మీదికి వెళ్ళింది. ఒక్కసారి లాగితే చాలు. లైను పోయిందని చెప్పొచ్చు, ఎవరూ కాదనరు. వైరు కొస రెండువేళ్ళ మధ్య పట్టుకున్నాడు కూడా. మళ్ళీ "నేనేమీ ముట్టుకోలేదు" అనాలి, అంతే. ఇందాక ఒక అబద్ధం విప్పేసరికి గుండె ఎంత తేలికపడిందో ఆయనకి ఇంకా తెలుస్తోంది. వైరు వదిలేశాడు.

"నా చెయ్యి వణుకుతోందండీ" అన్నాడు. "ఏడాదైంది. తగ్గేది కాదన్నారు. అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఇది పూర్తిగా పోయేలోపు ఎవరికైనా నేర్పాలని. చక్రం నేను పెట్టలేను గానీ, ఎలా పెట్టాలో చెప్పగలను. ఒక్క పది నిమిషాలు ఇస్తారా?"

ప్రిన్సిపాలుగారు తలూపారు. బాబాయి వెనక్కి తిరిగి భార్యని పిలిచాడు.

"నేనా?" అంది ఆవిడ.

"నువ్వే. ఇలా కూచో."

ఆవిడ ఆయన కుర్చీలో కూచుంది. ఆయన పక్కన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కసారికి ఒక్కటే చేద్దాం. ముందు పట్టకారు తీసుకో. పిండకు, వాచీ పట్టీ పిన్ను పట్టుకున్నట్టే పట్టుకో. చక్రం ఎత్తు. ఇప్పుడేం కనబడుతోంది?"

"కింద స్ప్రింగు వేలాడుతోంది. ఊగుతోంది."

"ఆగేదాకా ఆగు. తొందరేం లేదు."

"ఆగింది."

"కింద చిన్న ఎర్రరాయి ఉంది, దాని మధ్యలో గుంట. చక్రం ఇరుసు కొన అందులోకి దిగాలి. దించు. దిగిందా?"

"లేదు. పక్కకి జారింది. పాడుచేశానా?"

"ఏం పాడవలేదు. ఎటు జారిందో చెప్పు."

"మీ వైపు."

"అయితే వెంట్రుకవాసి నీ వైపుకి లాగి మళ్ళీ దించు."

ఆవిడ పెదవులు బిగించింది. గదిలో నలభై గడియారాల చప్పుడు తప్ప ఏమీ లేదు. కొన గుంటలోకి దిగింది. పై పలక దించింది, మర పెట్టింది, తిప్పింది. చక్రం ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, ఒక్కసారిగా ఊగడం మొదలెట్టింది. తెర నిండా అటూ ఇటూ, అటూ ఇటూ.

"అయ్యో, నడుస్తోందండీ!" అని అరిచింది ఆవిడ, సభ్యులున్నారన్న సంగతే మర్చిపోయి.

ప్రిన్సిపాలుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ ఆవిడగారు ఈ పని ఎన్నేళ్ళుగా చేస్తున్నారు మాస్టారూ?"

"ఇదే మొదటిసారండీ."

ప్రిన్సిపాలుగారు తన పక్కనున్న ఇద్దరివంకా చూశారు. ఒకాయన అప్పటికే ఏదో రాసుకుంటున్నాడు. "తరగతి పెడుతున్నాం" అన్నారు ప్రిన్సిపాలుగారు. "పాఠం మీరిద్దరూ కలిసే చెప్పండి."

తెర ఖాళీ అయింది. భార్య కుర్చీలోంచి లేవలేదు. తన చేతులు తనే తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ముప్పై ఏళ్ళుగా పక్కనే కూచున్నాను. ఒక్కసారైనా నేర్చుకుంటావా అని అడిగారా మీరు?"

"అడగలేదు, నాదే తప్పు. ఈరోజు నువ్వు లేకపోతే బ్యాటరీ సంగతీ తేలేది కాదు, తరగతీ వచ్చేది కాదు" అన్నాడు. ఆవిడ పట్టకారు తుడిచి డబ్బాలో పెట్టింది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఆయన అక్కయ్యకి ఫోన్ చేశాడు. మొదటి గంటకే ఎత్తింది.

"తరగతి వచ్చింది అక్కయ్యా. మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీడం లేదు. నాలుగు రోజులు నాలాంటి మొండివాణ్ణి భరించారు. అబద్ధం చెప్పినా ఒక్కమాట అనలేదు. మీరు చెప్పిన పద్ధతిలోనే ఈరోజు పాఠం చెప్పాను, నా చెయ్యి అక్కర్లేకుండా. ఊరికే ఈ ముక్క చెబుదామని చేశాను."

అవతల కుర్చీ లాక్కుని కూచున్న చప్పుడయింది.

"తమ్ముడూ, నేను ముప్పై ఎనిమిదేళ్ళు లైన్లు కలిపాను" అంది అక్కయ్య. "ఎవరికో పురుడు, ఎవరికో ఉద్యోగం, ఎవరికో చావు కబురు. హలో అన్నారని తెలియగానే నేను తప్పుకోవాలి, అది రూలు. కలిసిన తరవాత వాళ్ళ సంగతి ఏమైందో నాకు ఒక్కరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తడుతుంది? మళ్ళీ ఫోన్ చేసి చెప్పింది నువ్వే."

బాబాయి భార్యకి కూడా వినబడేలా స్పీకరు నొక్కాడు.

"పని ఉందా నీకు? లేకపోతే మొదట్నుంచీ చెప్పు. చక్రం ఎవరు పెట్టారు, వాళ్ళేమన్నారు, ఏదీ వదలకుండా. నాకేం తొందర లేదు."

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు, ఫోను ఇద్దరి మధ్యా పెట్టాడు, చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మర్చిపోయినవి పక్కనుంచి భార్య అందిస్తూ వచ్చింది.